అమ్మ ఉన్న పాపను ‘అనాథ’ అని ఎలా అనువదించాలి?

కడప టీచర్ (ప్రశ్న)

నమస్కారం. సంఘంవాళ్ళు ఎవరైనా ఉంటే వందనాలు. కాస్త పొడుగు ప్రశ్న, ఓపికగా చదవండి.

మాది కడప జిల్లా. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతాను. మాకు దగ్గర్లో ఒక క్రైస్తవ హాస్టల్ ఉంది, పేరు రాయను. అరవై మంది దాకా పిల్లలు. ఏటా సంక్రాంతి సెలవులు ముగిసిన వారానికి అమెరికా నుంచి పన్నెండు, పదమూడు మంది వస్తారు. చెన్నైలో విమానం దిగి, అద్దె బస్సులో వచ్చి పది రోజులు ఉంటారు. పిల్లలతో ఆటలు, బొమ్మలాటతో బైబిలు కథలు, అరచేతులకు రంగు పూసి కాగితం మీద అద్దించడం, సాయంత్రం కూటం, అంటే ప్రార్థన సభ. పోయిన జనవరిలో దుబాసీగా నన్ను పిలిచారు. ‘మీ ఇంగ్లీషు వాళ్ళకు అర్థమవుతుంది, వాళ్ళ ఇంగ్లీషు మీకు అర్థమవుతుంది, ఆ రెండోదే దొరకడం కష్టం’ అన్నారు హాస్టల్ నడిపే పాస్టరు అయ్యగారు. నిజం చెప్పాలంటే వాళ్ళ యాస పట్టుకోవడానికి నాకూ రెండు రోజులు పట్టింది. సెలవు పెట్టుకుని వెళ్ళాను. పైసా తీసుకోలేదు.

మూడో రోజు సంగతి చెబుతాను. భోజనాల తరవాత వరండాలో నాపరాళ్ళ మీద కూర్చున్నాం. ఆ బృందంలో ఇరవై ఏళ్ళ అమ్మాయి ఒకతె, కాలేజీలో చదువుతోందట, మూడో తరగతి పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడ అల్లుతోంది. మన జడ కాదు, నుదుటి దగ్గర నుంచే చిన్న చిన్న పాయలు తీసి నెత్తికి అంటుకుపోయేలా అల్లే జడ. అల్లుతూనే నాతో, ‘వాళ్ళ అమ్మ గుర్తొస్తూ ఉంటుందా, అడగండి’ అంది. హాస్టల్లో ఉన్నవాళ్ళందరూ అనాథలని ఆమెకు ముందే చెప్పి తీసుకొచ్చారు. నేను అడిగాను. పాప నోట్లో రిబ్బను పట్టుకుని ఉంది. అది తీసి, ‘మా అమ్మ కువైట్‌లో ఉంది టీచర్. శుక్రవారం ఫోను చేస్తుంది. రంజాన్ అయ్యాక వస్తానంది’ అని చెప్పి, రిబ్బను మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

వార్డెనమ్మ నా వైపు చూసింది. కళ్ళెర్రజేయలేదు. బతిమాలినట్టు చూసింది. నేను ఇంగ్లీషులో, ‘అమ్మ కోసం రోజూ ప్రార్థన చేస్తుందట’ అన్నాను.

ఆ అమ్మాయి ఏడ్చేసింది. పాపను గుండెలకు హత్తుకుంది. పక్కన ఒకాయన అదంతా ఫోనులో తీశాడు. పాప మాత్రం సగం అల్లిన జడ ఊడిపోతుందేమోనని చేత్తో పట్టుకుని కూర్చుంది. ఆ వీడియోను వాళ్ళ చర్చిలో ఆదివారం తెర మీద వేశారని, అది చూసి ఇంకా కొందరు పిల్లలకు డబ్బు కట్టడానికి ముందుకొచ్చారని తరవాత అయ్యగారు సంతోషంగా చెప్పారు.

నేను చెప్పింది పూర్తి అబద్ధం కూడా కాదు. హాస్టల్ పిల్లలు రోజూ ప్రార్థన చేస్తారు, అమ్మానాన్నల కోసమూ చేస్తారు. అదే నన్ను ఎక్కువ తొలుస్తోంది. పచ్చి అబద్ధమైతే ఒప్పేసుకుని వదిలించుకునేదాన్ని.

చివరి రోజు ఇంకొకటి జరిగింది. ప్లాస్టిక్ టబ్బుల్లో నీళ్ళు పోసి, వచ్చినవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని పిల్లల కాళ్ళు కడిగి, తువ్వాలుతో ఒత్తి కొత్త బూట్లు తొడుగుతారు. యేసు శిష్యుల పాదాలు కడిగినదానికి గుర్తుగా. చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి, దాచను. ఆరడుగుల మనిషి, తెల్లగడ్డం, మన పిల్లవాడి మడమ పగుళ్ళలో మట్టిని బొటనవేలితో రుద్ది తీస్తున్నాడు. కాని బూట్ల కొలతలు అంతకు ముందు జూలైలో తీసి పంపినవి. జనవరి దాకా పిల్లల కాళ్ళు పెరగకుండా ఆగుతాయా? ఏడో తరగతి పిల్లవాడు ఒకడు వేళ్ళు లోపలికి ముడుచుకుని, మడమ సగం బయట ఉండగానే ఫోటోకు నవ్వాడు. ‘బిగుతుగా ఉన్నాయేమో అడగండి’ అన్నాడు గడ్డం ఆయన. ‘సరిపోయాయి టీచర్’ అన్నాడు వాడు. అది మాత్రం ఉన్నదున్నట్టు అనువదించాను. అదీ అబద్ధమే, కాని అది వాడి అబద్ధం.

వీళ్ళ మీద రాళ్ళు వేయడానికి ఇది రాయడం లేదు. నేనూ హాస్టల్ పిల్లనే. 1990ల్లో ఆరేళ్ళు మిషన్ హాస్టల్లో ఉండి చదివాను. నాకో నంబరు ఉండేది, 112. వేసవి సెలవుల ముందు ఒకసారి, క్రిస్మస్ ముందు ఒకసారి వార్డెన్ బోర్డు మీద ఉత్తరం రాస్తే అందరం చూసి ఎక్కించేవాళ్ళం. ‘మీరు పంపిన బహుమానము అందినది. నేను బాగుగా చదువుచున్నాను. మీ కొరకు దేవునికి ప్రార్థన చేయుచున్నాను.’ ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు కాబట్టి, ఆ ‘చున్నాను’ దొరలకు మాత్రమే అర్థమయ్యే తెలుగు అని చాలా ఏళ్ళు అనుకున్నాను. నాకు డబ్బు కట్టిన ముసలి దంపతులు ఒక ఫోటో పంపారు. మంచు, చెక్క ఇల్లు, ముందు ఒక కుక్క. ఆ ఇంటికి తొమ్మిది కిటికీలు. వాళ్ళ డబ్బుతోనే పదో తరగతి గట్టెక్కాను. అప్పటికి మా నాన్న బతికే ఉన్నాడు, ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనుల్లో పని. వాళ్ళకు వెళ్ళిన నా కాగితంలో నాన్న ఉన్నాడో లేడో నేను ఎన్నడూ చూడలేదు.

ఈ జనవరికి మళ్ళీ రమ్మన్నారు. రానంటే ప్రొద్దుటూరు నుంచి ఒక కుర్రవాడిని పిలుస్తారు. వాడికి ఇంగ్లీషు గలగలా వస్తుంది, ఇలాంటి బాధలేమీ లేవు. వెళ్తే మళ్ళీ అదే వరండా. ‘అనాథ’ అన్న మాట దగ్గర నేను ఏం చేయాలి? ఎవరూ అడగని నిజం చెప్పే హక్కు దుబాసీకి ఉందా? చెబితే అరవై మంది అన్నం మీద దెబ్బ పడుతుందా? ఇలాంటి చోట పనిచేసినవాళ్ళు చెప్పండి. ఊరికే తిట్టేవాళ్ళు దయచేసి వద్దు.

పాత వార్డెన్, నంద్యాల

టీచరమ్మా, నేను ఇరవై రెండేళ్ళు హాస్టల్ నడిపి రిటైరయ్యాను. ఆ బతిమాలే చూపు నాది కూడా అనుకోండి.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చెబుతాను. మన సీమలో చాలా మిషన్ హాస్టళ్ళ కథ ధాత కరువు దగ్గరికి వెళ్తుంది. 1876 నుంచి 78 దాకా కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. లండన్ మిషన్ వాళ్ళు అప్పటికే 1810లో బళ్ళారికీ, 1822లో కడపకూ వచ్చి స్థిరపడి ఉన్నారు. మా నంద్యాల వైపు ఆంగ్లికన్ సంఘానికి చెందిన ఎస్పీజీ వాళ్ళు. కరువులో నిజంగానే ఎవరూ మిగలని పిల్లలను మిషన్లు చేరదీశాయి. అనాథాశ్రమాలు తరవాత బోర్డింగు బడులయ్యాయి. పిల్లలు మారారు, మాట మారలేదు. నేను చేరేనాటికి మా హాస్టల్లో ఎనభై మంది ఉంటే తల్లీ తండ్రీ ఇద్దరూ లేనివాళ్ళు నలుగురు. మిగతావాళ్ళు సుగ్గికి (కోతల పనికి), కూలికి వలస పోయినవాళ్ళ పిల్లలు. వేసవి వస్తే పెట్టె సర్దుకుని ఇంటికి పోయే పిల్లలు.

ఇంకో చిక్కు ఉంది, మీరు భాష చెప్పేవారు కనుక రాస్తున్నాను. యునిసెఫ్ లెక్కలో తల్లి గాని తండ్రి గాని ఒక్కరు పోయినా ఆ బిడ్డ ‘ఆర్ఫన్’. మన తెలుగులో అనాథ అంటే ‘నా’ అనేవాళ్ళు లేని బిడ్డ. మీరు చెప్పిన పాపకు తండ్రి లేకపోతే ఇంగ్లీషు కాగితంలో ఆ మాట రాసినవాడు తప్పు రాసినట్టు కాదు. చదివినవాళ్ళు తల్లి కూడా లేదనుకుంటే, కాదని ఎవరూ చెప్పరు, అంతే. మా పని అంతా ఆ సందులోనే జరిగిపోయింది.

డబ్బు సంగతి కూడా వినండి. బియ్యం, కందిపప్పు, కరెంటు, వంటమనుషుల జీతం, ఇవి నెలనెలా కావాలి. బిడ్డకు అమ్మ ఉందని తెలిస్తే డబ్బు కట్టేవాళ్ళు మానేస్తారని మాకు భయం. మానేస్తారో లేదో ఎవరూ అడిగి చూడలేదు. నేనూ అడగలేదు. పైగా 2020లో విదేశీ విరాళాల చట్టం బిగించారు. డబ్బంతా ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. ఆఫీసు ఖర్చుకు అంతకు ముందు 50 శాతం దాకా వాడుకునేవారు, అది 20కి దించారు. ఒక సంస్థ తెచ్చుకున్న డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. పెద్ద సంస్థ నీడన బతికే చిన్న హాస్టళ్ళు, నాకు తెలిసినవే రెండు, దాంతో తలుపులు మూశాయి. ఉన్నవాళ్ళకు భయం రెట్టింపయింది.

ఇది సమర్థన కాదు. నాకు అరవై ఎనిమిదేళ్ళు, సమర్థించుకోవలసిన వయసు దాటిపోయింది. ఒక్కటే చెబుతాను. ముందు వార్డెనమ్మతో మాట్లాడండి. ఆమెను దాటి మీరు దొరలతో మాట్లాడితే ఆమె ఉద్యోగం పోతుంది, ఆ మాట మాత్రం అక్కడే ఉంటుంది.

రాజంపేట నర్సు, డాలస్ నుంచి

అక్కా, నేను అటువైపు మనిషిని. పద్నాలుగేళ్ళుగా ఇక్కడ నర్సు పని. మా చర్చి బృందంతో రెండుసార్లు మన వైపు వచ్చాను, మందులు పంచడానికి, పళ్ళు చూడటానికి.

వచ్చేవాళ్ళంతా డబ్బున్నవాళ్ళని అక్కడ అనుకుంటారు. మా బృందంలో స్కూలు బస్సు నడిపే ఆవిడ ఉండేది. ఖర్చుల కోసం చుట్టాలందరికీ ఉత్తరాలు రాసింది, చర్చి ఆవరణలో కార్లు కడిగింది, కేకులు చేసి అమ్మింది. అలా ఆరు నెలలు కూడబెట్టింది టికెట్టుకే సరిపోయింది. పన్నెండు మంది టికెట్ల డబ్బు నేరుగా పంపితే ఆ హాస్టల్‌కు ఎన్నాళ్ళు బియ్యం వస్తాయో లెక్క కట్టి మా నాయకుడికి చూపించాను. ఆయన నొచ్చుకోలేదు. ‘ఇక్కడికి తీసుకురాకపోతే వీళ్ళు ఈ డబ్బు కూడబెట్టరు’ అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు.

నాకు గుచ్చుకున్నది ఇంకొకటి. పది రోజులు ఒళ్ళో పెట్టుకుంటారు, పదకొండో రోజు బస్సెక్కుతారు. రెండో ఏడాది వెళ్ళేసరికి చిన్న పిల్లలు పరుగెత్తుకొచ్చి ఎవరి చంక దొరికితే వాళ్ళ చంకనెక్కుతున్నారు. మనిషి ముఖం కూడా చూడటం లేదు. ‘ఎంత ప్రేమో’ అని మావాళ్ళు మురిసిపోయారు. పిల్లల వార్డులో పనిచేసినదాన్ని, నాకు ఒళ్ళు జలదరించింది. ఇది నా ఒక్కదాని దిగులు కాదు. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వం మీద చట్టం తెచ్చినప్పుడు, లాభం కోసం పిల్లలను అనాథాశ్రమాలకు చేర్చడాన్ని కూడా ఆ కోవలోకే తెచ్చింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ పిల్లల హక్కుల తీర్మానంలో అనాథాశ్రమాలకు స్వచ్ఛంద సేవ పేరుతో జరిగే యాత్రల హాని గురించి చెప్పింది. ఆ కాగితాలు మా చర్చిలో పెట్టాను. కొందరు చదివారు. ఒకరిద్దరు నాతో మాట్లాడటం తగ్గించారు.

అందరిలోకీ నాకు నచ్చినవాడు ఒక వడ్రంగి. అరవై దాటిన మనిషి. వచ్చిన రోజే ఆడపిల్లల స్నానాల గదులకు గడియలు లేవని కనిపెట్టాడు. నన్ను వెంటబెట్టుకుని బజారుకు వెళ్ళి పదహారు గడియలు, మరమేకులు కొన్నాడు. ముందు వైపు బొమ్మలాట జరుగుతుంటే వెనక నుంచి తలుపులు చెక్కే చప్పుడు. ఒక్కో తలుపు అయ్యాక పదో తరగతి అమ్మాయిని పిలిచి, ‘లోపలికి వెళ్ళి వేసి చూడమను’ అని నాతో అడిగించేవాడు. ఆ పిల్ల గడియ వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. చాలాసేపు బయటికి రాలేదు. ఈయన నవ్వుకుంటూ బయటే నిలబడ్డాడు. మా చర్చి ఫోటోల్లో ఎక్కడా లేడు.

మీ ప్రశ్నకు నా జవాబు, చెప్పండి. ‘తల్లి కువైట్‌లో ఇంకొకరి ఇంట్లో పనిచేసి ఈ పిల్లను పెంచుతోంది’ అంటే మా బస్సు డ్రైవరు ఆవిడకు అనాథ అన్న మాట కంటే బాగా అర్థమవుతుంది. ఆవిడ తల్లి కూడా ఇళ్ళల్లో పనిచేసింది.

చూస్తున్నవాడు, కర్నూలు

ఇంత చర్చ దేనికి? అన్నం ఎర వేసి మతం మార్చడానికి వస్తారు. ప్రభుత్వ జీతం తీసుకుంటూ టీచర్ గారు అందులో వేలు పెట్టడం ఏమిటి?

కడప టీచర్

తిట్టేవాళ్ళు వద్దని ముందే రాశాను. అయినా ఒక్క మాట. ఆ పాప నానమ్మ ఇప్పటికీ శనివారాలు ఒక్కపొద్దు ఉంటుంది. పాప సెలవులకు ఇంటికి వెళ్తే తిరుమల లడ్డూ తింటుంది, హాస్టల్‌కు వస్తే క్రిస్మస్ కేకు తింటుంది. రెండూ తీపే కదా టీచర్ అంటుంది. దాని మతం గురించి నాకు బెంగ లేదు, దాని అమ్మ గురించే నా బెంగ. పై ఇద్దరికీ కృతజ్ఞతలు. గడియల సంగతి చదివాక మా హాస్టల్లో ఉన్నాయో లేదో వెళ్ళి చూశాను. రెండు తలుపులకు తాడు కట్టి ఉంది.

బెంగళూరులో ఏసీ మెకానిక్

టీచర్, నేను అలాంటి హాస్టల్లో ఎనిమిదేళ్ళు ఉన్నాను. ఊరు జమ్మలమడుగు దగ్గర. పిల్లల వైపు నుంచి ఎవరూ రాయలేదని రాస్తున్నాను.

వాళ్ళు వస్తున్నారంటే మాకు పండగే. వారం ముందు నుంచి సున్నాలు, పాటల సాధన, ఆ పది రోజులూ కోడికూర. మీరు అనుకుంటున్నంత బాధ మాకు లేదు. పేర్లన్నీ గుర్తుపెట్టుకునేవాళ్ళం. వెళ్ళిపోయాక ఒక ఆట ఆడేవాళ్ళం, ‘దొరసాని ఆట’. ఒకడు తువ్వాలు తలకు చుట్టుకుని దొరసాని అవుతాడు. ఇంకొకడు అనాథ. దొరసాని ముక్కుతో మాట్లాడుతూ వచ్చి వాడిని వాటేసుకుని ఏడవాలి. మూడోవాడు ఇటుక ముక్క కంటికి అడ్డం పెట్టుకుని ఫోటో తీయాలి. నాలుగోవాడు దుబాసీ, వాడు ఏదంటే అది తప్పు చెప్పాలి. అనాథ ‘ఆకలిగా ఉంది’ అంటే దుబాసీ ‘దేవుణ్ణి స్తుతిస్తున్నాడు’ అనాలి. అందరం పడీ పడీ నవ్వేవాళ్ళం. నేనెప్పుడూ దుబాసీనే.

అనాథ వేషానికి మాత్రం ఎవరూ పోటీ పడేవాళ్ళు కాదు. మాలో ఇద్దరికి నిజంగానే ఎవరూ లేరు. వాళ్ళకు ఆ వేషం ఇచ్చేవాళ్ళం కాదు, ఎవరూ చెప్పకుండానే.

బూట్లు బిగుతైతే మడమ దగ్గర తొక్కేసి చెప్పుల్లా వాడుకుంటాం. లేదంటే చిన్నవాడికి ఇచ్చి ఏదో ఒకటి తీసుకుంటాం. ఆ పిల్లవాడి గురించి దిగులు పడకండి.

అనంతపురం నుంచి, పిల్లల సంరక్షణ పనిలో ఉన్నాను

టీచర్ గారూ, మీ మనసు సంగతి మిగతావాళ్ళు చెప్పారు. నేను కాగితాల సంగతి చెబుతాను, ఎందుకంటే రేపు ఇబ్బంది వస్తే మీరూ అందులో ఉంటారు.

‘సాయంత్రం కూటం’ అని రాశారు. అందులో వచ్చినవాళ్ళు ప్రసంగించారా? మీరు అనువదించారా? పర్యాటక వీసా మీద వచ్చినవారు చర్చికి వెళ్ళి ఆరాధనలో కూర్చోవచ్చు. మత ప్రసంగాలు చేయడం, కరపత్రాలు పంచడం కుదరదు. మిషనరీలకు వేరే వీసా ఉంది. ఇక బస ఇచ్చినవాళ్ళు విదేశీయుల వివరాలను 24 గంటల లోపల ఆన్‌లైన్‌లో అధికారులకు పంపాలి. ఇవి చూసుకోమని అయ్యగారికి చెప్పండి.

అసలైనది హాస్టల్ రిజిస్ట్రేషను. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 41వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థా నమోదు కావాలి. కాకపోతే 42వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. మాది ఉత్త విద్యార్థుల వసతి గృహమే, ఆ చట్టం మాకు వర్తించదు అంటారనుకోండి. అప్పుడు దొరలకు వాళ్ళను అనాథలని ఎలా చూపిస్తారు? కలెక్టరాఫీసులో ఒక మాట, అమెరికాలో ఒక మాట కుదరదు. చట్టంలో అనాథ అంటే కన్నవాళ్ళు గాని, దత్తత తీసుకున్నవాళ్ళు గాని, చట్టబద్ధ సంరక్షకులు గాని లేని బిడ్డ, లేదా ఆ సంరక్షకులు చూసుకోలేని, చూసుకోవడానికి ఇష్టపడని బిడ్డ. నెలనెలా డబ్బు పంపుతూ ప్రతి శుక్రవారం ఫోను చేసే అమ్మ ఉన్న పాప అందులోకి ఎలా వస్తుంది?

వీడియో తీయించేయండి. పిల్లల గుర్తింపు బయటపడకుండా కాపాడటానికి ఆ చట్టంలోనే 74వ సెక్షన్ ఉంది. అసలు ఏ సెక్షన్ లేకపోయినా ఆ తల్లిని అడిగారా?

పాపకు తండ్రి లేకపోతే కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం వచ్చే అవకాశం ఉంది. పిల్లలు ఆశ్రమాల్లో కాకుండా ఇంట్లో, అయినవాళ్ళ దగ్గర పెరగడానికే ఆ పథకం. నానమ్మ చేత జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టించండి. తల్లి విదేశంలో సంపాదిస్తోంది కాబట్టి ఆదాయం అడుగుతారు. దాచవద్దు.

ఇంకో మాట, మా జిల్లా సంగతి. స్పెయిన్ నుంచి విన్సెంట్ ఫెర్రర్ గారు 1952లో జెస్యూట్ మిషనరీగా మన దేశం వచ్చారు. 1969లో అనంతపురం చేరారు, మరుసటి ఏడాది జెస్యూట్ సభను విడిచిపెట్టారు, ఇక్కడే ఉండిపోయి 2009లో ఇక్కడే పోయారు. ఆయన పెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మత సంస్థ కాదు. పిల్లల పేరున డబ్బు కట్టే స్పెయిన్‌వాళ్ళు ఇక్కడికి వచ్చినప్పుడు బిడ్డను సొంత ఊళ్ళో కలుస్తారు. ఊరంతా చుట్టూ ఉంటుంది, అమ్మ టీ ఇస్తుంది, నాన్న మగ్గమో మేకలో చూపిస్తాడు. అమ్మ పక్కనే కూర్చుని ఉంటే దుబాసీ దాచడానికి ఏముంటుంది?

కడప టీచర్ (మూడు వారాల తరవాత)

అడిగినవాళ్ళకు జవాబు బాకీ ఉన్నాను.

పెద్దాయన చెప్పినట్టు మొదట వార్డెనమ్మ దగ్గరికి వెళ్ళాను. ‘ఆ ఫారాలు నేను రాసినవి కావు టీచర్, నేను వచ్చేనాటికే అలా ఉన్నాయి. చింపడానికి భయపడ్డాను’ అంది. ఇద్దరం కలిసి అయ్యగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన అంతా విని, ‘నిన్ను దుబాసీగా పిలిచానమ్మా, ఆడిటరుగా కాదు’ అన్నారు. రెండు రోజులు ఫోను లేదు. మూడో రోజు ఆయనే చేశారు. వీసా మాట ఆయన్ను కదిలించిందనుకుంటాను. కూటంలో ఇకపై మనవాళ్ళే ప్రసంగిస్తారు, వచ్చినవాళ్ళు కూర్చుని వింటారు. రిజిస్ట్రేషను గురించి మాత్రం ‘చూస్తాను’ అన్నారు. ఆ చూడటం ఇంకా నడుస్తోంది.

‘పిల్లల్లో చాలామందికి తల్లి గాని తండ్రి గాని ఉన్నారు, కొందరికి ఇద్దరూ ఉన్నారు’ అని బృందం నాయకుడికి ఇంగ్లీషులో ఉత్తరం నేనే రాశాను, అయ్యగారు సంతకం పెట్టారు. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. కోపం లేదు. వీడియో తీసేశామని రాశారు. కింద ఒక ప్రశ్న, ‘మరి వాళ్ళు ఇంట్లో ఎందుకు లేరు?’ అని. దానికి జవాబు రాయడం మొదలుపెట్టాను. గనులు, వానలు, కువైట్ ఏజెంట్లు, బడి లేని ఊళ్ళు, అన్నీ రాస్తుంటే రెండు పేజీలు దాటింది, ఇంకా పంపలేదు. బూట్లు ఈసారి వాళ్ళు మోసుకురారు. వచ్చాక ప్రొద్దుటూరు బజారులో పిల్లల కాళ్ళకు వేసి చూసి కొంటారు. గడియలకు వాళ్ళను అడగలేదు, మా బడి సార్లు నలుగురం తలా కొంత వేసుకున్నాం.

శుక్రవారం హాస్టల్‌కు వెళ్ళి, పాప మాట్లాడాక ఫోను తీసుకున్నాను. ఆ తల్లితో అంతా చెప్పాను, నేను చెప్పిన అబద్ధంతో సహా. చాలాసేపు మాట లేదు. వెనక ఎవరో అరబ్బీలో పిలుస్తున్నారు. కోప్పడుతుందనుకున్నాను. ‘ఆ వీడియోలో పాప జడ ఎలా ఉంది టీచర్?’ అంది. చెప్పాను. బూట్ల సంగతి కూడా చెప్పాను. ‘ఒక సైజు పెద్దవి కొనండి. వచ్చే రంజాన్‌కు కూడా మేడమ్ పంపేలా లేదు’ అంది. పోయిన రంజాన్‌కూ రాలేదు.

ఈ సంగతి పాపకు చెప్పవద్దంది. ఇంకా చెప్పలేదు.